నీళ్లలో ఎగిరిన కాన్పుల ఆసుపత్రి

మా రాష్ట్రం కొత్తగా పుట్టిన రోజుల్లో రాజధానికి మేడలు లేవు, డేరాలున్నాయి. సెక్రటేరియట్టు ఒక డేరా, ఖజానా ఒక డేరా, డేరాలు మంజూరు చేసే శాఖకు మరో డేరా. ఎండాకాలం గుమాస్తాలు నెత్తిన తడిగుడ్డ వేసుకుని ఫైళ్లు రాసేవారు. గాలి లేస్తే ఆ ఫైళ్ల మీదే కూర్చునేవారు. ఊళ్లో విమానం లేదు. విమానం దిగే చోటూ లేదు. ఉన్న ఒక్క మైదానంలో మేమే డేరాలు వేసుకున్నాం. అందుచేత ప్రభుత్వంవారు జెట్ యుగ సన్నాహక సంఘం అని ఒకటి స్థాపించి, దానికి నన్ను సూపరింటెండెంటుగా వేశారు.

నవ్వకండి, కారణం ఉంది. అప్పటికి ఇంగ్లండు వాళ్లు ప్రపంచంలో అందరికంటే ముందుగా జెట్ విమానంలో జనాన్ని ఎక్కించుకుని తిప్పడం మొదలుపెట్టారు. ముక్కు మీద పంకా తిరగని విమానం. మబ్బుల పైనుంచి పోతుందట, కుదుపే ఉండదట. మా మంత్రిగారు ఏదో పని మీద బొంబాయి వెళితే, అక్కడ ఆగివున్న జెట్టులోకి ఎవరో మర్యాదకు తీసుకెళ్లి కూర్చోబెట్టి టీ ఇచ్చారు. విమానం కదల్లేదు కాబట్టి టీ ఒలకలేదు. మంత్రిగారు మాత్రం ఆ ఒలకని టీని మరచిపోలేకపోయారు. తిరిగొచ్చిన వారంలోనే సంఘం పుట్టింది.

సంఘానికి అధ్యక్షుడు రావుబహద్దూర్ నీలాద్రిగారు. నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజినీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. సర్వీసంతా కాలవలు, తూములు, చెరువు గట్లు. విమానం అనే మాట ఆయనకు పురాణ కాలక్షేపంలో తప్ప ఎక్కడా తగల్లేదు. అయినా సీనియారిటీ జాబితాలో ఆయన పేరు మొదట ఉంది, ఆయన మీటింగుల్లో హాయిగా నిద్రపోయేవారు, ఎవరికీ ఇబ్బంది లేదు.

సాంకేతిక సలహాదారు పరబ్రహ్మం. కుర్రవాడే. ఇంగ్లండులో ఒక విమాన ప్రదర్శన చూసి వచ్చాడు. టిక్కెట్టు కొనుక్కుని, తాడు కట్టిన చోటు దాకా వెళ్లి, అక్కణ్ణుంచి చూశాడు. అప్పటినుంచీ నల్లకళ్లద్దాలు తియ్యలేదు.

మొదటి సంవత్సరం మేం చాలా కష్టపడ్డాం. రాహుకాలంలో బయలుదేరిన జెట్ విమానం పడమటికి పోతూ పోతూ కాలాన్ని దాటేస్తే ఆ దోషం ప్రయాణికుడికి అంటుతుందా, పైలట్‌కు అంటుతుందా అన్న ప్రశ్న మీద ఒక ఉపసంఘం నడిచింది. అంత ఎత్తున ఉప్మా గట్టిపడుతుందా, జారవుతుందా అన్నదాని మీద ఇంకొకటి. రెండో ఉపసంఘంవారు నమూనాలు వండించి తిని చూశారు. వాళ్లు మళ్లీ మళ్లీ సమావేశమయ్యారు.

ఇంతలో పిడుగులాంటి వార్త వచ్చింది. ఆ జెట్లు ఆకాశంలోనే ముక్కలైపోతున్నాయి. ఒకటి సముద్రంలో పడింది. కొన్నాళ్లు ఆపి మళ్లీ నడిపితే ఇంకొకటి పడింది. ఎక్కినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. పాపం, టీ తాగుతూ ఉండి ఉంటారు. ఆ దొరలు విమానాలన్నీ నేలమీద నిలబెట్టేసి, సముద్రం అడుగునుంచి ముక్కలు ఏరి పేర్చుకున్నారు. అలాంటి విమానాన్నే ఇంకొకదాన్ని తెచ్చి పెద్ద నీటితొట్టిలో పెట్టి, లోపలికి నీళ్లు ఒత్తిడితో ఎక్కిస్తూ, వదిలేస్తూ, అది చిరిగేదాకా పరీక్షించారు. కిటికీ మూల దగ్గర పుట్టిన పగులే ప్రాణాలు తీసిందని తేల్చారు. తేల్చి ఊరుకోకుండా ఆ సంగతి లోకమంతా చదువుకునేలా అచ్చువేశారు. సొంత కొంపలో లోపం వెతికి వీధిలో చెప్పుకోవడం మా ఆఫీసుల్లో ఎవరికీ అలవాటు లేని పని కాబట్టి, ఆ నివేదికను మేం కొంత భయంతోనే చదివాం.

అసలు భయం మాత్రం వేరే డేరా నుంచి వచ్చింది. సెక్రటేరియట్టువారు ఒక తాఖీదు పంపారు. "లండను నివేదికను పురస్కరించుకొని మీ శాఖవారు గైకొనిన చర్యలేవి? శూన్యమని బదులిచ్చు సంఘములు రద్దు చేయబడును."

మా గుమాస్తా ఒకాయన అక్కడే కూలబడిపోయాడు. అప్పుడే పెళ్లయినవాడు.

వెంటనే అత్యవసర సమావేశం పెట్టాం. నీలాద్రిగారు మామూలుగా కళ్లు మూసుకున్నారు. పరబ్రహ్మం నల్లకళ్లద్దాల్లోంచి నివేదిక చదువుతున్నాడు. "ఆ మీదట సదరు విమానమును ఒక విశాలమైన నీటితొట్టి యందు..."

నీలాద్రిగారు కళ్లు తెరిచారు. "ఏమిటీ? నీళ్లలోనా?"

"అవునండి."

"ఎంత లోతు?"

"అది రాయలేదండి."

"తూము ఎటువైపు పెట్టారు?"

"తూము సంగతి కూడా..."

"హయ్యో! ఇన్నాళ్లూ నాతో ఒక్కమాట అనవేమయ్యా! ఇది విమానాల వ్యవహారం కాబోలనుకుని ఊరుకున్నాను. నీటి వ్యవహారమా ఇది!" అని ఆయన లేచి నిలబడ్డారు. సంఘం పుట్టాక ఆయన మీటింగులో లేచి నిలబడటం అదే మొదలు. "గవర్రాజూ, రాసుకో. మనమూ పరీక్ష చేస్తున్నాం."

గవర్రాజును నేనే. రాసుకుని, "చిత్తం, కానీ విమానం ఉండాలి కదండీ?" అన్నాను.

"ఎందుకూ?" అన్నారాయన నిజంగా ఆశ్చర్యపోయి. "పరీక్షకు ముఖ్యం నీరు. అది కాలవలో పుష్కలంగా ఉంది. అందులో పెట్టే వస్తువంటావా, అది స్థానికంగా చూసుకోవాలి."

పరబ్రహ్మం వెంటనే అందుకున్నాడు. అతను ఇంగ్లండు వెళ్లింది ఇందుకే మరి. "శాస్త్రరీత్యా నిర్వచించినచో, విమానమనగా కిటికీలును తలుపులును గలిగి, లోపల మనుష్యులు పరుండుటకు వీలుండి, వారు తలచినప్పుడు లేచి బయటకు రాజాలని ఒక మూసిన కట్టడము."

డేరాల రాజధానిలో కిటికీలున్న కొత్త కట్టడం ఏదయ్యా అంటే ఒక్కటే ఉంది. ఊళ్లోవాళ్లు చందాలు వేసుకుని కట్టించుకున్న కాన్పుల ఆసుపత్రి. సున్నం కూడా వేసేశారు. వచ్చేవారం తెరవాలి. పడుకునేవాళ్లు తలచినప్పుడు లేచి బయటికి రాలేరన్నది కూడా సరిపోయింది. తీర్మానం ఏకగ్రీవమైంది.

ఆ ఆసుపత్రికి డాక్టరు కరుణమ్మగారు. ఊళ్లో సగంమంది పిల్లల్ని బయటికి లాగింది ఆవిడే. రాజధాని వచ్చినప్పుడు ఆవిడ పాత ఆసుపత్రి బంగళాను ఏదో శాఖ పుచ్చేసుకుంటే, మా డేరాల వెనకాలే ఒక చిరుగుల డేరాలో కాన్పులు చేస్తోంది. బాలింతలు నేలమీద చాపల్లో పడుకునేవారు. వానాకాలం వచ్చేలోగా వాళ్లని కప్పు కిందికి చేర్చాలన్నది ఆవిడ పట్టుదల.

ఆసుపత్రి కట్టిన మేస్త్రీ కాశింసాబు. అతనికీ ఒక తొందర ఉంది. తల్లిలేని కూతురు హుసేన్‌బీకి ఏడో నెల. అంతకుముందు ఏడాది తొలికాన్పు డేరాలోనే అయింది. వాన చెమ్మకు బిడ్డ దక్కలేదు. ఈసారి తను కట్టిన గదిలో, తను నిలబెట్టిన గోడల మధ్య కాన్పు కావాలని కాశింసాబు రాత్రనక పగలనక పనిచేసి ఆసుపత్రి ముగించాడు. గచ్చు తనే దగ్గరుండి దంపించాడు.

మేం వెళ్లేసరికి ఇద్దరూ అక్కడే ఉన్నారు, ఇనప మంచాలు సర్దిస్తున్నారు. పరబ్రహ్మం తిన్నగా పోయి కిటికీ మూలల్లో వేలు పెట్టి చూసి, నావైపు తిరిగి, "ప్రతి కిటికీకీ నాలుగేసి మూలలు! రాసుకోండి!" అన్నాడు, దొంగసొత్తు పట్టుకున్నట్టు.

"కిటికీకి మూలలు కాక ఏముంటాయి సార్?" అన్నాడు కాశింసాబు.

"లండనులోనూ అలాగే అనుకున్నారు."

కరుణమ్మగారు నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది. "ఏమండీ, ఎవరు మీరు? కాన్పుల ఆసుపత్రిలో మగవాళ్లకేం పని?"

నీలాద్రిగారు కండువా సర్దుకున్నారు. "అమ్మా, ఈ కట్టడమును జెట్ యుగ సన్నాహక సంఘమువారు పరీక్షా నిమిత్తము స్వాధీనపరచుకొనుచున్నారు. మీ బాలింతల క్షేమము కొరకే. ముప్పైయయిదు వేల అడుగుల ఎత్తున ఈ కిటికీలు నిలుచునో లేదో మీరు హామీ ఇవ్వగలరా?"

"ముప్పైయయిదు వేల అడుగుల ఎత్తుకు నా ఆసుపత్రి ఎందుకు పోతుందయ్యా?"

"పోదని వ్రాతపూర్వకముగా ఇవ్వగలరా?" అన్నాడు పరబ్రహ్మం.

ఆవిడ నోట మాట రాలేదు. ఆ మౌనాన్ని అంగీకారంగా నమోదు చేశాం.

పదిరోజుల్లో ఆసుపత్రి చుట్టూ గట్టు లేచింది. నీలాద్రిగారు తెల్లవారకముందే వచ్చి, పంచె ఎగ్గట్టి, గట్టు మీద తిరుగుతూ కూలీలను అదిలించేవారు. పదేళ్లు చిన్నవారైపోయారు. తలుపులకు బంకమన్ను మెత్తి, కాలవకు గండి కొట్టి నీళ్లు వదిలారు. నీళ్లు కిటికీల దాకా ఎక్కితే విమానం పైకి లేచినట్టు లెక్క. తూము ఎత్తి వదిలేస్తే కిందికి దిగినట్టు. ఎక్కడం, దిగడం కలిపి ఒక ప్రయాణం. బంట్రోతు ఓబులేసు గట్టుమీద నిలబడి ఈల వేసేవాడు. కొన్నాళ్లకు పరబ్రహ్మం ఒక్కొక్క ప్రయాణానికీ ఊరి పేరు పెట్టాడు. "ఆసుపత్రి ఎక్కడుందయ్యా?" అని నీలాద్రిగారు అడిగితే, "కైరో దాటిందండీ, నీళ్లు దిగుతున్నాయి" అనేవాణ్ణి. అలా మాట్లాడుకోవడం మాకు అలవాటైపోయింది.

లోపల ప్రయాణికులు లేకుండా పరీక్ష చెల్లదన్నాడు పరబ్రహ్మం. అందుకని మంచానికొక ఇసుక బస్తా పడుకోబెట్టాం. కిటికీ పక్క బస్తాలు మొదటి తరగతి, నడుమ బస్తాలు రెండో తరగతి. మొదటి తరగతి వాటికి తలగడలు కూడా ఇప్పించాం.

ఆ సంగతి తెలిసిన రోజు కరుణమ్మగారు మా డేరాలోకి దూసుకొచ్చింది. చెప్పులు కూడా విడవలేదు.

"ఇసుక బస్తాలకు మంచాలూ తలగడలూ! నా బాలింతలకు కటికనేలా! మీకు అమ్మా అక్కా లేరా?"

"ఆవేశము తగదమ్మా," అన్నారు నీలాద్రిగారు. "ఆ బస్తాలు సర్కారువారి ప్రయాణికులు. వానిని నేలమీద పరుండబెట్టినచో ఫలితములు వక్రించును."

"తొలకరి పడుతోంది. డేరా కారుతోంది. నిన్న రాత్రి ఒక పిల్లకు గొడుగు పట్టుకుని కాన్పు చేశాను."

"మీ సహకారమును నివేదికలో ప్రత్యేకముగా ప్రశంసించెదము."

ఆవిడ బల్లమీదున్న సిరాబుడ్డి ఎత్తింది. విసురుతుందనుకున్నాను, విసిరినా బాగుండేదే అనిపించింది నాకు. ఆవిడ దాన్ని మళ్లీ అక్కడే పెట్టి వెళ్లిపోయింది. "సంఘమునకు ఆస్తినష్టమేమియు లేదు" అని నీలాద్రిగారు రాయించారు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆసుపత్రి పగల్లేదు.

నీళ్లు నింపాం, తీశాం. మళ్లీ నింపాం, మళ్లీ తీశాం. కైరో పోయింది, రోముకు పోయింది, లండన్‌కు ఎన్నోసార్లు పోయి వచ్చింది. సున్నం రాలింది, నాచు పట్టింది, గోడ మాత్రం అంగుళం కదల్లేదు. ఊళ్లో పిల్లలు గట్టు మీదనుంచి దూకి ఈతలు నేర్చేసుకున్నారు. చేపల శాఖవారు ఎవరికీ చెప్పకుండా వచ్చి పిల్లచేపలు వదిలిపోయి, చేపలు ఎదిగేదాకా నీరు తీయరాదని మాకు నోటీసిచ్చారు. వాళ్లతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, తూముకు వల కట్టించి గట్టెక్కాం. సెక్రటేరియట్టువారు మాత్రం గట్టిగా అడుగుతున్నారు, పగులు ఎప్పుడు పంపుతారని.

పరబ్రహ్మానికి నిద్ర కరువైంది. "ఇది కుట్రండీ," అన్నాడు ఒకనాడు. "ఆ మేస్త్రీ కావాలనే గట్టిగా కట్టాడు."

కాశింసాబును పిలిపించి, సంజాయిషీ కోరుతూ కాగితం చేతికిచ్చాం. నేనే చదివి వినిపించాను. "అవసరమునకు మించిన బలముతో గోడలు నిర్మించి, సర్కారువారి శాస్త్రీయ విచారణకు ఆటంకము కలిగించినందులకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను."

అతను ఆ కాగితం వైపు వేలు చూపించాడు. "ఏంది సార్ ఇది? నాసిగా కడితే జైల్లో ఏస్తారని తెల్సు. బాగా కట్టినందుకు గూడా ఏస్తారా?"

"మీరు విషయము గ్రహించుట లేదు," అన్నాడు పరబ్రహ్మం. "లండను విమానము పగిలినది. అందుచేత వారి పరీక్ష విజయవంతమైనది. మీ గోడ పగులుట లేదు. మన పరీక్ష విఫలమగుచున్నది. కారకులెవరు?"

"నేనే సార్," అన్నాడు కాశింసాబు. "నా బిడ్డకు నెలలు నిండుతాండాయి. యాడ కాన్పు చేయిచ్చేది? మీ పగులు వచ్చేదాంకా బిడ్డను కడుపులో పట్టుకోమని చెప్పాల్నా?"

"అది వైద్యశాఖకు సంబంధించిన విషయం" అన్నారు నీలాద్రిగారు, దయగానే.

రెండు మూడు రోజులు పోయాక ఒక సాయంత్రం నేను గట్టు మీద నీటిమట్టం చూస్తున్నాను. కాశింసాబు గునపం భుజాన వేసుకుని మొలలోతు నీళ్లలోకి దిగాడు.

"ఎక్కడికి కాశింసాబూ?"

"మీకు పగులు గావాల గదా సార్. ఇస్తా." నీళ్లలో నిలబడి వెనక్కి తిరిగాడు. "పగిలితే పరీక్ష అయిపోయినట్లే గదా?"

"అయిపోయినట్టే."

"అయిపోతే ఆసుపత్రి డాక్టరమ్మకు ఇచ్చేస్తారు గదా?"

"ఇవ్వక ఇంకేం చేసుకుంటారు?" అన్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను.

అతను మూలగది బయటిగోడ దగ్గరికి పోయాడు. అది కాన్పుల గది. కిటికీ పై మూల దగ్గర గోడను అరచేత్తో ఒకసారి తడిమాడు. తర్వాత గునపం ఎత్తి పొడిచాడు. గచ్చు ఊడలేదు. మళ్లీ పొడిచాడు. "ఇంత గట్టిగా ఎందుకు కట్టినాన్రా నాయనా" అని తన్ను తనే తిట్టుకుంటూ, చెమటలు కారుతూ, పొడుస్తూనే ఉన్నాడు. చివరికి మూలనుంచి చూరుదాకా జానెడు పగులు పాకింది. అతను గునపం నీళ్లలో వదిలేసి ముఖం కడుక్కున్నాడు. ఆ కడుక్కోవడం చాలాసేపు సాగింది. నేను కొంగల వైపు చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్న మా సంఘంలో పండగ. పరబ్రహ్మం నల్లకళ్లద్దాలు తీసేసి పగులును చూశాడు. అతనికి కళ్లు ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. "సరిగ్గా మూలలోనే! లండనులో ఎక్కడ పగిలిందో అక్కడే!" అని నన్ను కౌగిలించుకున్నాడు. నీలాద్రిగారు పగులు చుట్టూ పసుపు రాయించి కుంకుమ బొట్టు పెట్టించారు. మంత్రిగారు స్వయంగా వచ్చి పగులు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. లండన్‌కు తంతి పోయింది. సంఘాన్ని రద్దు చేసే ప్రసక్తి పోయి శాశ్వతం చేశారు. కొత్తగా పెళ్లయిన గుమాస్తా మిఠాయి పంచాడు.

కరుణమ్మగారు నీళ్లు తీసేసిన ఆసుపత్రి ముందుకు వచ్చి నిలబడింది. పక్కన కాశింసాబు.

"ఇక తాళం ఇవ్వండి. ఆ పగులు నేను పూడ్పించుకుంటాను."

నీలాద్రిగారు బాధగా తల ఊపారు. "ఎంతమాట! పగిలిన కట్టడములో ఆడపడుచులనుంతుమా? పగులు బయటపడగానే లండనువారు ఏమి చేసిరి? ఆ జాతి విమానములన్నియు సేవనుండి ఉపసంహరించిరి. మేమును ఈ కట్టడమును ఉపసంహరించితిమి. ప్రయాణికులకు ప్రవేశము లేదు."

"మరి దీన్ని ఏం చేస్తారు?"

"పగులును నిరంతరము పరిశీలించవలసియున్నది," అన్నాడు పరబ్రహ్మం. "కావున పరిశీలకులను అనుమతించవచ్చును. సంఘ కార్యాలయము ఇందులోనికి మారుచున్నది."

"మా డేరాను మీరు ఉచితముగా వాడుకొనవచ్చునమ్మా," అన్నారు నీలాద్రిగారు. "మీ దానికంటె మంచిది. రెండే చిల్లులు."

కాశింసాబు కరుణమ్మగారి ముఖంకేసి చూసి, "నా చేత్తో నేనే పగలగొట్టినా గదమ్మా" అని నేలమీద కూర్చున్నాడు. ఆవిడకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. నాకు ఆ క్షణాన మా సంఘంమీద, మా మంత్రిమీద, ఆ ఒలకని టీ మీద కూడా పిచ్చికోపం వచ్చింది. వచ్చి ఏం లాభం, మర్నాడు సామాన్లు మోయించింది నేనే.

కార్యాలయ ప్రవేశానికి మంచి ముహూర్తమే పెట్టారు. వెలుతురు బాగుందని కాన్పుల గదిని అధ్యక్షులవారి గదిగా నిర్ణయించాం. కాన్పు బల్లమీద తెల్లదుప్పటి పరిచి, లండన్ నుంచి తెప్పించిన బొమ్మ విమానం పెట్టాం. ఇసుక బస్తాలు మంచాలమీద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, అవి ఇప్పుడు రికార్డు. మంత్రిగారికి దండ సిద్ధం చేసి ఆయన కారు కోసం చూస్తుంటే, మధ్యాహ్నానికే మబ్బు కమ్మి చీకటైంది. ఆ గాలి ఎలా లేచిందంటే, గుంజలతో సహా డేరాలు పీక్కుని ఎగిరిపోయాయి. ఖజానా డేరా పోయి కాలవలో పడింది. కాన్పుల డేరా ఉన్నచోట ఉత్త తాళ్లు మిగిలాయి.

నీలాద్రిగారు స్వాగతోపన్యాసం అభ్యాసం చేస్తున్నారు. "జెట్ యుగమునకు ఈ మారుమూల నేలనుండి మేమర్పించిన ఈ పగులు..."

తలుపు దబ్బున తెరుచుకుంది. ముందు కరుణమ్మగారు, తలనుంచి నీళ్లు కారుతున్నాయి. వెనక కాశింసాబూ ఇద్దరు కూలీలూ ఒక నులకమంచం మోసుకుని వచ్చారు. మంచంమీద హుసేన్‌బీ పళ్లు బిగించి, తండ్రి చొక్కా పట్టుకుని ఉంది.

"లేవండి," అంది కరుణమ్మగారు.

నీలాద్రిగారు అలవాటుగా మొదలుపెట్టారు. "అమ్మా, ఇది సేవనుండి ఉపసంహరింపబడిన..."

"అయ్యా, నెప్పులొచ్చి చాలాసేపయింది. ఈ పిల్ల పోయినసారి బిడ్డను పోగొట్టుకుంది. ఈసారి పోగొట్టుకోనివ్వను. మీరు లేస్తారా, మిమ్మల్ని కూడా మంచంతో మోయించమంటారా?"

"ఏదేని ప్రమాదము సంభవించినచో బాధ్యత..."

"నాది. బయటికి నడవండి. అందరూ!"

ఆవిడ బొమ్మ విమానాన్ని రెక్క పట్టుకుని తీసి పరబ్రహ్మం చేతుల్లో పెట్టింది. దుప్పటి లాగింది. నేను ఎవరూ చెప్పకుండానే తలుపు తెరిచి పట్టుకున్నాను. క్షణాల్లో జెట్ యుగ సన్నాహక సంఘం మొత్తం వానలో ఉంది.

చూరు కింద వరసగా నిలబడ్డాం. మా కళ్లముందే మిగిలిన బాలింతలు ఒక్కొక్కరే తడిసిన బిడ్డల్ని కొంగుల కింద పెట్టుకుని లోపలికి పోతున్నారు. ఎవరూ మావైపు చూడలేదు. ఓబులేసు, మా బంట్రోతు, ఈల మెడలో వేసుకుని లోపలికెళ్లి ఇసుక బస్తాలు దొర్లించి బయటికి తోయడం మొదలుపెట్టాడు. మొదటి తరగతి బస్తా ఒకటి వచ్చి నీలాద్రిగారి కాళ్లమీద పడింది.

"ఇది రికార్డయ్యా!" అన్నారాయన.

"అవును సార్, తడుస్తాంది" అని ఓబులేసు ఇంకొకటి తెచ్చి పడేశాడు.

కాశింసాబు బయట కాన్పుల గది కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పగులులోంచి వాననీళ్లు లోపలికి పోతున్నాయని, ఒళ్లంతా తడుస్తున్నా తలపాగా విప్పి ఆ పగులులో కుక్కి, అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. చెయ్యి తియ్యలేదు. లోపల కేకలు వినిపిస్తున్నాయి. కాసేపటికి అవీ ఆగిపోయాయి. కాశింసాబు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

అప్పుడు బిడ్డ ఏడ్చింది. బాగా గట్టిగా, పోట్లాటకు వచ్చినట్టు ఏడ్చింది.

కిటికీ తెరుచుకుంది. కరుణమ్మగారు చెమటోడుతూ బయటికి చూసింది. "కాశిం, మనవరాలు. ఆ చెయ్యి తియ్యకు, ఇంకా వాన ఉంది" అంది. కాశింసాబు ఏడుస్తూ తల ఊపాడు, చెయ్యి తియ్యలేదు.

నీలాద్రిగారు వాడిపోయిన దండ చేతిలో పట్టుకునే కిటికీ దగ్గరికి వెళ్లి గొంతు సవరించుకున్నారు. "డాక్టరుగారూ, నిషిద్ధ కట్టడములో వ్యక్తులు ప్రవేశించినారు గనుక విచారణ తప్పదు. లోపల ఎందరున్నదియు, వారి స్థితి ఏమిటన్నదియు సంఘమునకు తెలుపవలెను. గవర్రాజూ, రాసుకో."

ఆవిడ ఆయనను పైనుంచి కిందికి చూసింది. దండ చూసింది, ఇసుక బస్తాలు చూసింది, పరబ్రహ్మం చేతుల్లో బొమ్మ విమానం చూసింది.

"రాసుకోండయ్యా," అంది. "ఈ గదిలో ఇద్దరున్నారు. ఇద్దరూ బతికే ఉన్నారు. లండన్‌కు తంతి కొట్టండి."

కిటికీ రెక్కలు మూసేసింది. లోపల గడియ పడిన చప్పుడు మా అందరికీ వినపడింది.